పైనున్న నాలుగూ

మా ఊళ్ళో చలికాలం వస్తోందని చెప్పేది కేలండరు కాదు, పురుగు. దూదిపింజంత ఉంటుంది, వెనకభాగాన తెల్లటి నూగు. అక్టోబరులో ఒక వెచ్చటి మధ్యాహ్నం ఎక్కణ్ణుంచో ఊడిపడి, విడిది ఇల్లు ఎటో తెలియని పెళ్ళివారిలా గాల్లో తచ్చాడుతుంది. మంచుపురుగు అంటాం. అది కనబడ్డాక వారం పదిరోజుల్లో మంచు పడుతుంది. అది కనబడ్డ అరగంటకల్లా మా టైర్ల దుకాణంలో ఫోను మోగుతుంది, చలికాలపు టైర్లు వెయ్యమని. ఎత్తేది నేనే. మా మామగారు ఎత్తితే అవతలివాళ్ళు లైను తెగిపోయిందనుకుని పెట్టేస్తారు.

మామగారి పేరు ఒయికావా ఇసోకిచి. నేను ఆయన ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుణ్ణి, కత్సుహికోని. పుట్టింది ఒసాకాలో. ఒసాకావాళ్ళకి మాట ఊపిరి, ఒయికావావాళ్ళకి మాట ఉపద్రవం. ఆయన కూతురు సనాయెని చేసుకుని ఈ హొక్కయిదో మంచులోకి వచ్చిపడ్డాను. టైర్లు మార్చే ఇంట్లో అన్నిటికంటే ముందు మారింది నా ఇంటిపేరు. అప్పట్నుంచీ ఆయన టైర్లలో గాలి కొడతారు, నేను గాలికబుర్లు కొడతాను. "అన్నం అరక్కపోతే డాక్టరు దగ్గరికి, టైరు అరిగిపోతే మా దగ్గరికి" అని దుకాణం గోడమీద రాయిద్దామని ఒకసారి అడిగాను. ఆయన నన్ను చూశారు, గోడను చూశారు, మర్నాడు గోడకి సున్నం వేయించారు.

నట్లు విప్పడం నా పని. చక్రం తగిలించడం నా పని. ఆఖరి బిగింపు మాత్రం ఆయనది. దానికొక పొడవాటి పానా ఉంది. బిగువు సరిపోగానే అది 'టిక్' మంటుంది. ఆ టిక్కు ఇన్నేళ్ళలో నా చేతికి ఒక్కసారీ చిక్కలేదు. నట్టింట్లో చోటిచ్చారు గానీ నట్టు మీద చెయ్యి వెయ్యనివ్వలేదని ఊరంతా చెప్పుకుని నవ్వేవాణ్ణి. ఊరూ నాతోపాటు నవ్వేది. ఆయన తప్ప.

నేను చెప్పేది ఆయనకి డెబ్భై తొమ్మిది నిండిన ఏటి సంగతి.

కనుమ అవతల వేణ్ణీళ్ళ బుగ్గ ఉంది. ప్రతి గురువారం మామగారు తన చిన్న ట్రక్కు వేసుకుని కనుమ దాటి ఆ బుగ్గకి వెళ్తారు. గంటసేపు మెడలోతు నీళ్ళలో నాని, రెండు బుగ్గలూ దానిమ్మగింజల్లా ఎర్రబడి తిరిగొస్తారు. ఆ సెప్టెంబరు చివర్లో ఒక గురువారం అక్కణ్ణుంచి ఫోనొచ్చింది. బండి ఆపే చోట బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కారట. ట్రక్కు వెళ్ళి చామంతుల మడి ఎక్కి కూర్చుందట. మనిషికేం కాలేదు. అయిందల్లా చామంతులకే.

ఇంటికొచ్చాక సనాయె గుమ్మంలోనే పట్టుకుంది. "ఏమైంది నాన్నా?"

"పూలు అడ్డొచ్చాయి."

వాంగ్మూలం అంతటితో ముగిసింది.

మర్నాడు సనాయె వంటింట్లో ఊరగాయకని ముల్లంగి తరుగుతూ నన్ను పిలిచింది. ఆ తరగడంలోనే తెలిసింది, పిలుపు ముల్లంగి కోసం కాదని.

"ఈ చలికాలం నాన్న కనుమ ఎక్కకూడదు."

"నిజమే."

"నిజమే అంటే చాలదు. పూలమడి కాబట్టి బతికిపోయాడు. మంచులో అదే పని లోయ పక్కన చేస్తే? లైసెన్సు వెనక్కి ఇచ్చెయ్యమని నువ్వు చెప్పు."

"నేనా? కూతురివి నువ్వు కదే."

"కూతురు చెబితే కసురుకుంటాడు. అల్లుడు చెబితే మర్యాదకైనా వింటాడు."

"వినడానికేం, పెళ్ళైన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నారు. జవాబే ఇంకా రాలేదు."

"నవ్వులాటకి కాదు." ముల్లంగి మీద కత్తి ఆగింది. "నాకు రాత్రుళ్ళు ఆ మలుపులే కళ్ళలో తిరుగుతున్నాయి."

అప్పుడు నాకూ నవ్వు రాలేదు. నాకు నవ్వు రాకపోవడమంటే మా ఇంట్లో పెద్ద విషయం.

దుకాణం ముందు మామగారు ఎవరిదో టైరు ఒళ్ళో పెట్టుకుని బొటనవేలి గోరుతో రబ్బరు నొక్కి చూస్తున్నారు. చలికాలపు టైరు మెత్తగా ఉండాలి. గోరు దిగితే రోడ్డును పట్టుకుంటుంది, దిగకపోతే మనల్ని వదిలేస్తుంది. ఎండాకాలపు టైరైతే చలికి బిగుసుకుపోతుంది, అచ్చం పెళ్ళిచూపుల్లో నాలాగా.

పక్కన గొంతుక్కూర్చున్నాను. "మావయ్యా, ఈ ఏడు మంచు ముందే వస్తుందంటున్నారు."

"ఊఁ."

"కనుమ మీద బాగా జారుతుందంటున్నారు."

"ఊఁ."

"జారేది బండొక్కటే కాదు మావయ్యా, నోరు కూడా. ఇప్పుడు నా నోరు ఎటు జారుతుందో గానీ..."

"జాకీ ఇటియ్యి."

ఇచ్చాను. నేను ఒసాకాలో పుట్టినందుకు మొదటిసారి సిగ్గుపడ్డాను. నోట్లో ఇన్ని మాటలు పెట్టుకుని పనికొచ్చే మాట ఒక్కటీ బయటికి తీయలేకపోయాను. చివరికి అడ్డదారిన అడిగాను. "మీ ట్రక్కుకి చలికాలపు టైర్లు ఎప్పుడేద్దాం?"

"అందరివీ అయ్యాక."

అది మా దుకాణం రివాజు. ఊరందరి కాళ్ళకీ జోళ్ళు తొడిగాకే మా కాళ్ళకి. మామగారి టైర్లు కిందటేడే కొన్నవి, ఇంకా నేరేడుపళ్ళలా నిగనిగలాడుతున్నాయి. అవి బండికి ఎక్కాయంటే మామగారు కనుమ ఎక్కినట్టే. చెప్పడానికి నాకు గడువు దొరికిందని సనాయెతో అన్నాను.

"గడువు నీకు దొరికితే నాకేం లాభం? నీకు మాట దొరకాలి," అంది. తర్వాత కాసేపు కిటికీలోంచి వెనక షెడ్డు వైపు చూసి, "టైర్లే లేకపోతే?" అంది.

"టైర్ల కొట్లో టైర్లు లేవంటే ఎవరు నమ్ముతారే? సముద్రంలో ఉప్పు అయిపోయిందన్నట్టు ఉంటుంది."

"కనబడకపోతే చాలు. వెతికి వెతికి విసుగొచ్చి ఊరుకుంటాడు."

ఊరివాళ్ళు వాడని టైర్లు మా షెడ్డులోనే దాచుకుంటారు. బండికి నాలుగు చొప్పున ఒక దొంతర, పైన గుడ్డ, గుడ్డకి పేరు రాసిన చెక్కముక్క. మామగారు క్షౌరానికి వెళ్ళిన పూట మొగుడూపెళ్ళాలం దొంగల్లా షెడ్డులో దూరాం. పరాయి సొత్తు దొంగిలించేవాళ్ళని చూశాను గానీ సొంత సొత్తుని సొంత షెడ్డులోంచి సొంత షెడ్డులోకే దొంగిలించిన ఘనత మాదే. మామగారి టైర్లమీది చెక్క తీసేసి, ఆ నాలుగింటినీ హత్సుయెగారి దొంతర మీదికి ఎక్కించాం. ఎనిమిదింటి మీదా ఒకటే గుడ్డ కప్పి, హత్సుయెగారి చెక్క వేలాడదీశాం.

హత్సుయెగారినే ఎందుకు ఎంచామంటే, ఆవిడదీ మామగారి ట్రక్కులాంటి ట్రక్కే, అదే కొలత. ఆవిడ కొండమీద ఒక్కతే పెండలం పండిస్తుంది. మామగారూ ఆవిడా చిన్నప్పుడు ఒకే బడి, ఒకే బల్ల. మామగారిని 'ఒరే ఇసో' అని పిలిచే ప్రాణి భూమ్మీద ఆవిడొక్కతే మిగిలింది. ఆవిడ టైర్లు మాత్రం ఎప్పుడో ప్రాణం వదిలేశాయి. ఆ వసంతంలో విప్పినప్పుడు మామగారు గోరు నొక్కి చూశారు, దిగలేదు.

"మార్చు," అన్నారు.

"ఎందుకురా ఇసో? నా పళ్ళకంటే గట్టిగా ఉన్నాయి."

"అదే బాధ."

"పోయినేడూ ఇదే అన్నావు. నేనింకా బతికే ఉన్నాగా!"

నేను మధ్యలో దూరి, షెడ్డులో మంచివి నాలుగు ఊరికే పడున్నాయి, వేసుకెళ్ళండి పిన్నీ అన్నాను. ఆవిడ మొహం ఒక్కసారిగా మారింది. "మా ఆయన పోయాక ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోలేదు అల్లుడూ. ఇప్పుడు మొదలెట్టను," అంది. మామగారు ఆ కొండ దారి వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. అందులో చూడ్డానికేమీ లేదు, నిటారుగా ఉండటం తప్ప.

మంచుపురుగు వచ్చింది. దాన్ని చూసి ఫోను చేసేవాళ్ళు బుద్ధిమంతులు. మంచే వచ్చి గుమ్మంలో పడ్డాక లేచి పరిగెత్తుకొచ్చేవాళ్ళు మా ఊరివాళ్ళు. ఏటేటా వస్తుందని అందరికీ తెలుసు, ఏటేటా అందరూ దాన్ని అప్పుడే పుట్టిన వింతలా చూస్తారు. ఆ ఏడు మంచు రాత్రికి రాత్రి పడింది. తెల్లారేసరికి మా దుకాణం ముందు బళ్ళు బారులు తీరి వంతెన దాకా నిలబడ్డాయి.

"ఎంతసేపయ్యా అల్లుడుగారూ?" టోఫూ కొట్టు మురోయి కిటికీలోంచి అరిచాడు.

"మీ టోఫూ కంటే ముందు మీరు గడ్డకట్టరు లెండి!"

"గాలి మాటలాపి గాలి కొట్టు!"

"రెండూ ఒక నోటితో కుదరవు, ఆగండి!"

సనాయె వేడి డబ్బా కాఫీలు పంచుతోంది. నా వేళ్ళు మొద్దుబారి నట్టేదో వేలేదో తెలియడం లేదు. అంత రద్దీలో హత్సుయెగారి ట్రక్కు వచ్చింది, కొండ దిగేటప్పుడే ఒకసారి పక్కకి తిరిగిందట, ముందు బంపరుకి మంచు అంటుకుని ఉంది. నవ్వుతూనే దిగింది గానీ చెయ్యి తలుపుని వదలడం లేదు.

నేను షెడ్డువైపు పరిగెడుతున్నాను. మామగారు పక్క కారు కింద సగం దూరి ఉన్నారు. తల బయటికి పెట్టకుండానే అన్నారు, "హత్సుయెది పైనున్న నాలుగూ తియ్యి."

ఆయన నోట్లోంచి ఆ రోజు వచ్చిన అతి పెద్ద వాక్యం అది. పెద్దవాళ్ళ వాక్యాన్ని పాటించాలే గానీ పరీక్షించకూడదు. గుడ్డ లాగాను, పైనున్న నాలుగూ దించాను, దొర్లించుకుంటూ తెచ్చాను, తగిలించాను. బిగింపు కోసం ఆయన వైపు చూశాను.

"నువ్వే బిగించు."

చెవులకేమైనా మంచు పట్టిందేమోనని మళ్ళీ చూశాను. కారు కిందినుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంది. చేతిలో ఆ పానా. తీసుకున్నాను. టిక్. నట్టు నట్టుకీ టిక్. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నారు, నాకు వినబడటం లేదు. పెళ్ళిలో కూడా నేనంత ఒళ్ళు దగ్గరపెట్టుకోలేదు.

"ఊరంతా తిరిగి రెండ్రోజుల్లో మళ్ళీ రండి పిన్నీ, నట్లు ఒకసారి సరిచూడాలి," అన్నాను. చక్రం కొత్తగా తొడిగాక కొంత దూరం నడిస్తే బిగింపు వదులవ్వచ్చు. మళ్ళీ చూడకపోతే మా పని పూర్తయినట్టు కాదు.

ఆఖరి బండి వెళ్ళాక, పొద్దు వాలకముందే, గుడ్డ మళ్ళీ కప్పుదామని షెడ్డులోకి వెళ్ళాను. దొంతరలో నాలుగు మిగిలి ఉన్నాయి. గోరు నొక్కాను. దిగలేదు.

సనాయెని కేకేశాను. వచ్చి చూసింది. తన గోరూ దిగలేదు.

"నాన్న టైర్లు హత్సుయె పిన్ని బండికి వేశావా?"

"పైనున్నవి తియ్యమన్నారు, తీశాను."

"నాన్నకేం తెలుసు, పైనున్నవి ఎవరివో!"

"నాకు తెలుసుగా. ఆ నిమిషంలో తెలియలేదు."

దాచడమొకటి, దానమొకటి. తండ్రి టైర్లు కనబడకుండా చేద్దామనుకుంటే ఊరుమీదికి తోలేశాం. ఇప్పుడు ఆయన అడిగితే ఏం చెప్పాలి? చివరికి ఒక ఎత్తు వేశాం. ఆవిడ నట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు సనాయె తండ్రిని టీకి లోపలికి పిలవాలి. ఆయన టీ తాగేలోపు నేను నాలుగు చక్రాలూ మార్చెయ్యాలి. రద్దీలో తప్పు టైర్లు వేశానని, షెడ్డులో ఉన్న మంచివేవో వేస్తున్నానని ఆవిడకి చెప్పాలి. ఊరికే పుచ్చుకోనంటే ఏం చెయ్యాలో మాత్రం ఎత్తులో లేదు.

ఆవిడ వచ్చింది. బండి ఆపకముందే గొంతు వచ్చింది. "ఒరే ఇసో! నా టైర్లకి ఈ ఏడు ఏం మందు పెట్టావురా? ఆ కొండ ఎక్కుతుంటే బల్లి గోడ ఎక్కినట్టు ఎక్కుతోంది!"

"నాన్నా, టీ చల్లారిపోతోంది!" లోపల్నుంచి సనాయె.

"చల్లారనీ," అంటూ మామగారు పానా తీసుకున్నారు.

అడ్డంగా నిలబడ్డాను. "నేను చూస్తాను మావయ్యా. మీ మోకాళ్ళు, చలి, మంచు, తడి..."

"జరుగు."

జరిగాను. ఆయన ముందు చక్రం దగ్గర నెమ్మదిగా కూర్చున్నారు. ఆయన సొంత టైరు ఆయన మొహానికి జానెడు దూరంలో ఉంది. కన్నబిడ్డని పక్కింటివాళ్ళు ఎత్తుకుంటే తల్లికి తెలియదా! బొటనవేలు రబ్బరు మీద ఆనించారు. గోరు దిగింది. నా గుండె కూడా దిగింది, ఎటో కిందికి.

"ఏం మందురా?" ఆవిడ మళ్ళీ అడిగింది.

"పాతవే," అన్నారు మామగారు. "కడిగాం."

సనాయె గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతిలో టీ కప్పుతో. నేను నా పెళ్ళాన్ని చూశాను, అది నన్ను చూసింది. మా మామగారు అబద్ధం ఆడగా మేమెవరమూ వినలేదు. అబద్ధానికి కూడా మాటలు ఖర్చవుతాయి కదా.

పానా నట్టుకి పెట్టి నొక్కారు. టిక్. చెయ్యి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. రెండోది, టిక్. మూడోది. బండి చుట్టూ తిరిగి నాలుగు చక్రాలూ అయ్యాయి. ఒక్క నట్టు కూడా కదల్లేదు. ఆయన చక్రం పట్టుకుని లేచి నిలబడ్డారు. పానాని కాసేపు చేతిలో తూచారు. తర్వాత ఎప్పుడూ తను తగిలించే మేకు వైపు వెళ్ళకుండా, తిన్నగా వచ్చి నా చేతికిచ్చారు.

"గురువారం బుగ్గకి వెళ్తావా?" అని ఆవిడని అడిగారు.

"వెళ్ళక? నడుం పట్టేసింది. నువ్వెలాగూ నీ బండిలో వస్తావుగా?"

"నీ దాంట్లో వస్తా."

"ఏం, నీ బండికేమొచ్చింది?"

"దానికి టైర్లు లేవు."

"టైర్ల కొట్టువాడి బండికి టైర్లు లేవా!" హత్సుయెగారు కొండ ప్రతిధ్వనించేలా నవ్వింది. "సరే, పొద్దున్నే తయారుగా ఉండు. నేనెవరికోసమూ ఆగను." వెళ్తూ వెళ్తూ కాగితంలో చుట్టిన పెద్ద పెండలం ఒకటి సనాయె చేతిలో పెట్టింది. "నట్లు చూసినందుకు. ఊరికే నాకేదీ వద్దు," అంది.

బండి కొండదారి పట్టింది. మలుపు దగ్గర అణుమాత్రం పక్కకి తొలగలేదు. అది కనుమరుగయ్యేదాకా మామగారు చూస్తూ నిలబడ్డారు.

"మావయ్యా..." అన్నాను.

"దొంతరకి నాలుగే పెట్టాలి." ఆయన సనాయె చేతిలోంచి టీ అందుకుని ఒక గుక్క తాగారు. చల్లారిపోయింది. "ఎనిమిది పెడితే కిందివాటి నడుం ఒంగిపోతుంది. ఎన్నేళ్ళొచ్చినా తెలియదు."

క్షౌరం నుంచి వచ్చిన పూటే చూసేసి ఉంటారు. ఆ షెడ్డులో ఎలుక పక్క మార్చినా ఆయనకి తెలుస్తుంది. అంటే అన్ని రోజులూ మేం దాచిన సంగతిని ఆయన దాచారు. పైనున్న నాలుగూ తియ్యమన్నదీ తెలిసే. సనాయె తండ్రి వెనకే లోపలికి వెళ్ళింది. ముక్కు ఎగబీల్చడం వినబడింది. "చలి," అన్నారాయన. "అవును నాన్నా, చలే," అంది అది.

బుధవారం సనాయెని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళి లైసెన్సు ఇచ్చేసి వచ్చారు. పోలీసాయన లేచి నిలబడి, ఇన్నేళ్ళు జాగ్రత్తగా నడిపినందుకు కృతజ్ఞతలని నడుం వంచి దండం పెట్టాడట. మామగారు ఏమన్నారని సనాయెని అడిగాను. "మీ కారు కుడిపక్క వెనక టైరులో గాలి తక్కువగా ఉంది" అన్నారట. ఇంటికొచ్చాక ట్రక్కు తాళంచెవిని గిరాకీల తాళాలు తగిలించే మేకుల్లో ఒకదానికి తగిలించారు. పెరట్లో ఆ ట్రక్కు ఎండాకాలపు టైర్లతోనే మంచు కప్పుకుని పడుకుంది.

గురువారం హత్సుయెగారు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. మామగారు తువ్వాలు మెడకి చుట్టుకుని అలవాటుగా కుడివైపు తలుపు దగ్గరికి వెళ్ళారు. అక్కడ ఆవిడ ఉంది. ఒక్క క్షణం ఆగారు. మంచులో మెల్లిగా అడుగులు వేస్తూ బండి చుట్టూ తిరిగి ఎడమవైపు ఎక్కి కూర్చున్నారు. పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకున్నారు.

"పిల్లా, మీ నాన్నని మధ్యాహ్నానికి ఒప్పజెబుతా!" అని అరిచి ఆవిడ బండి దూకించింది. సనాయె చెయ్యి నా చేతిలోకి వచ్చింది. మలుపు తిరిగేదాకా వదల్లేదు. ఆ బండి కింద ఉన్న నట్లు నేను బిగించినవి. జన్మలో మొదటిసారి నాకు దేని మీదా ఒక్క చమత్కారం తట్టలేదు.

మధ్యాహ్నానికి వచ్చారు. మామగారి బుగ్గలు రెండూ దానిమ్మగింజలు. బండి దిగుతూనే మొదలుపెట్టారు. "మలుపులో బ్రేకు తొక్కుతుంది. దిగుడులో గేరు మార్చదు. రోడ్డు చూడదు, నా మొహం చూసి మాట్లాడుతుంది. లారీవాణ్ణి తిట్టింది. తప్పు తనది. తిట్టు వాడికి." నేనూ సనాయె నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయాం. ఆయన నోట ఒక్క పెట్టున అన్ని మాటలు పెళ్ళైన దగ్గర్నుంచీ నేను వినలేదు.

"అంత కష్టంగా ఉంటే వచ్చే గురువారం నడిచి రారా!" ఆవిడ కిటికీలోంచి.

ఆయన ముందు చక్రం దగ్గర ఆగి, వంగి, బొటనవేలితో టైరుని ఒకసారి నొక్కి చూశారు.

"బాగున్నాయి," అన్నారు.

"ఏవి?" అందావిడ.

"నీళ్ళు," అన్నారు మా మామగారు.